ఎండ సోకని కొమ్ములు

బూర్గంపాడు అవతల, అడివి అంచున చెంచురామయ్య తెల్ల ఆస్పరాగస్ ఏసిండు. అబ్బో, ఏం ముద్దు పంట! మొలక మన్ను చీల్చుకొచ్చి ఎండ చూసిందా, కొస ఊదారంగు తిరుగుతది, హైదరాబాదు హోటలోళ్లు మొఖం తిప్పుకుంటరు. అందుకే తెల్లారకముందే, మొలకకు ఎండ తగలకుండ ఎగదోసిన మట్టికట్ట పగిలిన కాడ చెయ్యి పెట్టి, పొడుగు కత్తితోని తెల్ల కొమ్మును కోసి, తడిగుడ్డల చుట్టి ఐసు వ్యానుల పెట్టాలె. నాలుగు దినాలు ఊకుంటే అది కూర కాదు, చీపురుపుల్ల.

"కడుపుతో ఉన్నోళ్లకు మస్తు బలమంట, ఒకటి తినరాదే" అనేది కూలోళ్ల పెద్ద జోజమ్మ. ఆమె బిడ్డ మహిమకు అయిదో నెల. "మనకు గోంగూర లేదానే అమ్మా?" అని నవ్వేది.

ఆ కొమ్ములకు అడివిపందులు మరిగినయి. చెంచురామయ్య కరెంటు లైనుకు దొంగ కొక్కెం తగిలించి, చేను చుట్టూ తీగ పరిచేటోడు. కోడి కూసినంక తీసేటోడు. కూలోళ్లు ఆ తర్వాతనే వచ్చేది.

ఆ ఆదివారం ఈస్టరు. పొద్దు పొడవకముందే సమాధుల కాడ కొవ్వొత్తులు ముట్టియ్యాలె. పని జల్దీ ఒడగొడదామని కోడి కూయకముందే బయల్దేరిన్రు. పండుగ తొందరల, తీగ తియ్యమని చెంచురామయ్యకు చెప్పాలన్న సోయి ఒక్కరికీ లేకపాయె.

మహిమ ముందు నడిచి, చీకట్ల గట్టు పట్టుకొని చేన్లకు ఎక్కబోయింది. టప్పుమన్నది. పిల్ల చెయ్యి తీగకు అతుక్కపోయి ఒళ్లంతా ఎగిరెగిరి పడుతున్నది. మాంసం కాలిన వాసన.

"ఓ యేసయ్యా!" జోజమ్మ బిడ్డను పట్టబోయింది. తోటి కూలి అక్సా ఆమెను జుట్టు పట్టి ఎనక్కి గుంజింది. జోజమ్మ ఎండు వెదురుబొంగు అందుకొని తీగను బాదింది. నిప్పులు చిమ్మినా ఆగలే, తీగ తెగేదాక బాదింది.

రాత్రి కావలి పండుకున్న షెడ్డుల నుంచి చెంచురామయ్య ఉరికొచ్చిండు. "కట్టలు తొక్కకండే! మొలకలు విరిగిపోతాయి!"

జోజమ్మకు కండ్లల్లకు నెత్తురు దిగింది. బొంగు తిప్పి మూతి మీద ఒక్కటిచ్చింది. పండ్లు రాలినయి.

"వ్యాను తియ్యరా!"

"దవాఖానాకెళ్తే కొక్కెం సంగతి బయటపడుద్దే జోజమ్మా... పాము కరిచిందందాం, ఇక్కడే మందు..."

ఇంకోటి పడ్డది. ఆనక పొడుగు కత్తి ఆయన మెడ మీదికొచ్చింది. నెత్తురు సన్నగ కారింది.

అక్సా కొమ్ముల పెట్టెలన్నీ బురదల ఇసిరికొట్టి మహిమను వ్యానుల పండబెట్టింది. చెంచురామయ్యనే వ్యాను తోలిండు; గోదావరి బ్రిడ్జి దాటేదాక జోజమ్మ కత్తి దించలే.

భద్రాచలం దవాఖానాల పిల్ల పానం దక్కింది. చెయ్యి మణికట్టు కాడికి తీసేసిన్రు. కడుపు నిలవలే.

పోలీసాయన వచ్చి జోజమ్మను అడిగిండు: "పెద్దమనిషి పండ్లు రాలగొట్టినవంట, నిజమేనా?"

"అవ్ సారూ, కొట్టిన. జైల్ల ఏస్తే ఏసుకో. లోపట నా బిడ్డ లేస్తది, ఉన్న చెయ్యితోని కడుపు తడుముకుంటది, ఏమాయెనని అడుగుతది. ఆ చెప్పేదేందో ఆ పెద్దమనిషినే పోయి చెప్పమను. నాకు నోరొస్తలేదు."