సర్దారు కర్ర

రోజూ పొద్దున చాయ్ తాగి, ఇనుప మొన ఉన్న కర్ర పట్టుకుని బిక్షపతి వాకిట్లో కూర్చునేవాడు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు సర్దారుగా చేశాడు. కూలీల కన్నా ముందు లోపలికి పోయి, ఆ కర్రతో పైకప్పును తట్టి వినడం అతని పని. ఖంగుమంటే గట్టిది. బుడబుడమంటే డొల్ల, కూలుతుంది.

రిటైరయ్యాక కర్ర ఇంటికొచ్చింది కానీ పని మానలేదు. కాగితాన్ని తట్టినా అట్లాగే పలికేది, నిజమైతే ఖంగుమని, అబద్ధమైతే బుడబుడమని. ప్లాటు కొనేవాళ్లు పత్రాలు, పిల్లనిచ్చేవాళ్లు పిలగాడి ఫొటో పట్టుకొచ్చి, తట్టించుకుని పోయేవాళ్లు.

2007 జూన్‌లో తన ఇంటి పనే పడింది. కూతురు సునందకు ఎంసెట్ ర్యాంకు సర్కారు కాలేజీ దాకా రాలేదు. రెండు ప్రైవేటు యూనివర్సిటీల ప్రచార పుస్తకాలు మంచం మీద ఉన్నాయి. రిటైర్మెంటు డబ్బు ఒక్కసారే వచ్చింది. తప్పు చోట కడితే మళ్లీ రాదు.

పుస్తకాలు తెచ్చింది సంపత్. బిక్షపతి భార్య గురవమ్మకు తమ్ముడు. ఖమ్మంలో అడ్మిషన్లు చేయిస్తాడు.

"బావా, ఇది హైదరాబాద్ పక్కన. నాలుగేండ్లకు ఏడు లక్షలు. చదువైపోంగనే కంపెనీలే వచ్చి తీస్కపోతయ్."

"మరి గిది?"

"అది బెజవాడ దాటినంక. మూడు లక్షలల్ల అయితది. ఉన్నయే రేకుల షెడ్లు. గండ్ల చదివి ఏంజేస్తది, కోళ్లు పెంచుతదా?"

"నీకు కమీషన్ ఏ దాంట్ల ఎక్కువరా?" అంది గురవమ్మ.

సంపత్ చాయ్ చల్లారిందన్నాడు.

బిక్షపతి మొదటి పుస్తకం అట్ట మీది భవనాన్ని తట్టాడు. ఖంగుమంది. రెండోదాని షెడ్డును తట్టాడు. బుడబుడమంది. సంపత్ మీసం దువ్వుకున్నాడు.

"ఇగ రేపే కడదాం," అని బిక్షపతి లేవబోయాడు.

"నాయినా, నువ్వు తట్టింది బిల్డింగును," అంది సునంద. "అది గట్టిదే. నేను పొయ్యేది గోడల కోసమా?"

బిక్షపతి మళ్లీ కూలబడ్డాడు. ఒక్కచోట తట్టి మనుషులను కప్పు కిందికి పంపిన రోజు ముప్పై ఏళ్లలో లేదు. "బాయిల గిట్ల చేస్తే నౌకరి పీకేటోళ్లు," అని గొణిగాడు.

మొదటి పుస్తకంలోనే పేజీ తిప్పాడు. ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలు ముప్పై, అందరికీ టైలు. ఒక్కో మొహాన్నీ తట్టుకుంటూ పోయాడు. బుడ, బుడ, బుడ. చివరిదాకా పోతే ఖంగుమన్నవాళ్లు ఇద్దరు.

రెండో పుస్తకంలో ఫొటోలు లేవు. చిన్న అక్షరాల్లో పదహారు పేర్లు, ఎవరెక్కడ పనిచేస్తున్నారో రాసి ఉంది. పదకొండు ఖంగుమన్నాయి. ఒకదానికైతే గోడ అవతల పక్కింటివాళ్ల గిన్నె మూత కూడా మోగింది.

"జీతాలెంతనో?" అంది గురవమ్మ.

"ఎంతుంటే గంత. ముందైతే ఉద్యోగమున్నది కదా," అన్నాడు బిక్షపతి. "బిడ్డా, బెజవాడ దిక్కే పో."

"అవ్," అంది సునంద.

పుస్తకాలు సంచిలో సర్దుతుంటే సంపత్ చేయి ఆగింది. నింపిన దరఖాస్తు ఒకటి పైకి తీశాడు. టేకులపల్లి అవతల తండా, భీమ్లా కొడుకు రవికుమార్‌ది. హైదరాబాద్ పక్కదానికే.

"భీమ్లా ఎడ్లను అమ్మి మొదటి ఫీజు కడ్తనన్నడు," అన్నాడు. "ఇయ్యాలనే సంత."

సంపత్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బావా, కర్ర ఒక్క పూట ఇస్తవా?"

బిక్షపతి రెండు చేతులతో అందించాడు. "ఒక్క తావునే కొట్టకు," అన్నాడు.

"జల్దీ పో, బస్సు పోతది," అంది గురవమ్మ.

సాయంత్రానికి కర్ర ఇల్లు చేరింది, మొనకు ఎర్రమట్టితో. భీమ్లా ఎడ్లు ఆ రోజు సంతకు పోలేదు.