రొప్పు వినిపించని టేపు

చంద్రుడి మీద నడిచేవాళ్ల రొప్పు హెల్మెట్ మైకులోంచి వచ్చి కంట్రోల్ రూమ్‌లో అందరి చెవులకూ చిల్లులు పొడిచేది.

"మాట వినపడి చావట్లేదు. ఆ కొలిమితిత్తుల గోల కాస్త ఆపమ్మా," అని పెద్దాయన రోజూ సణిగేవాడు. రేడియో ఇంజనీరు వారం రోజులు తల బద్దలు కొట్టుకుని, ఊపిరి చప్పుడును ఏరిపారేసి మాటను మాత్రమే వినిపించే ఫిల్టరు తయారుచేసింది. ఈసారి పైన ఒంటరిగా తిరుగుతున్నది ఆమె సొంత అన్నయ్యే.

"ఇంటికొచ్చాక ఒకటి మీ వదినకివ్వు. నా గురక పీడ విరగడవుతుంది," అని అన్నయ్య పైనుంచి నవ్వాడు.

మూడో రోజు గుట్ట ఎక్కుతూ, "కాసేపు కూర్చుంటానే," అన్నాడు. ఆ తర్వాత లైన్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆక్సిజన్ మీటరు నిండుగానే చూపిస్తోంది. అలసిపోయాడు పాపం, కదిలించొద్దని ఆమే అందరినీ వారించింది. పదకొండు నిమిషాల తర్వాత పిలిస్తే పలకలేదు.

మీటరు పాడైందని తర్వాత తేలింది. ఫిల్టరు తీసేసి టేపు పెట్టారు. పదకొండు నిమిషాలూ రొప్పే. గాలి కోసం గిలగిలా కొట్టుకుంటూ, మాట పెగలని రొప్పు. పెద్దాయన మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఆమె చివరిదాకా వింది.

సాయంత్రం వదిన వచ్చి, "ఆఖర్న ఎలా ఉన్నాడో నాకూ వినిపించు," అంది.

ఆమె ఫిల్టరు మళ్లీ పెట్టి, హెడ్‌ఫోన్స్ వదిన చెవులకు తగిలించింది. "బాధేం పడలేదు వదినా. నిద్రలోనే పోయాడు."

వదిన కళ్లు మూసుకుని పదకొండు నిమిషాలూ వింది.

"మరి గురకేదమ్మా?" అంది.