ముసల్దాని పేరు మీద పోయిన సీసా

మా బావ ఎంత అనుమానం మనిషంటే, అద్దంలో మొహం చూసుకున్నాక వెనక్కి తిరిగి ఆ నిలబడ్డవాడెవడా అని వెతికేవాడు. లారీల యార్డులో నేను ఆయన టైర్లకి గాలి కొడుతుంటే పక్కనే నిలబడి, "బావమరిదీ, అది గాలేనా?" అని అడిగేవాడు.

ఆయన నడిపే లారీకి మేమంతా పెట్టిన పేరు ముసల్ది. ఎత్తెక్కేటప్పుడు నత్తలు వెనకనించి హారన్ కొట్టి మరీ దాన్ని దాటిపోయేవంటే మీరు నమ్మరు. పోనీలెండి, నేనూ ఒక్కసారే చూశాను. యార్డులో దాని పక్కన నిలబడేది పెళ్లికూతురు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని కొత్త బండి. దాన్ని నడిపేది బావ అల్లుడే.

ఒకనాడు ఓనరు కొత్త పద్ధతి పెట్టాడు. పాత బండ్లన్నిట్లోంచి ఇంజన్ ఆయిల్ కాస్త తీసి ల్యాబుకి పంపాలట. లోపల ఏ భాగం అరిగితే ఆ లోహం పొడి ఆయిల్లో కలుస్తుంది కాబట్టి, ఇంజన్ విప్పకుండానే రోగం చెప్పేస్తారట. రోగం ముదిరిందని తేలిన బండి తుక్కుకి పోతుంది.

"మనిషికి రక్తపరీక్ష చేసినట్టే, పెద్దాయనా," అన్నాడు ఓనరు బావతో.

బావ నన్ను టైర్ల వెనక్కి లాక్కెళ్ళాడు. "ముసల్దాన్ని అమ్మెయ్యాలని వీడెప్పుడో అనుకున్నాడ్రా. ల్యాబు వాళ్ళూ వీడూ ఒకటే. అక్కడ చీటీ ముందే రాసిపెట్టి ఉంటుంది, చూస్తుండు."

ముసల్ది పోతే ఆ వయసులో బావకి ఇంకో బండి ఎవరిస్తారు? స్టీరింగు వదిలి ఇంట్లో కూర్చుంటే మా అక్కని అనుమానించడం తప్ప ఇంకో పనుండదు. అందుకే ముసల్ది నిండు నూరేళ్ళూ బతకాలని బావ కంటే మా అక్కే ఎక్కువ కోరుకుంది.

ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టంలోకి సన్నటి పైపు దింపి, చేతిపంపుతో ఆయిల్ని సీసాలోకి లాగాలి. ఎవరి బండిది వాళ్ళే తియ్యాలి. సీసాలు ఆఫీసులో అందించే పని నాది. బావ ఇచ్చిన సీసా చేతికి వెచ్చగా తగిలింది. ముసల్దాన్నేమో ఆ రోజు స్టార్టే చెయ్యలేదు.

"వెచ్చగా ఉందేంటి బావా?"

"నా చేతి వేడి."

"చొక్కా మీద ఆ మరక?"

"ఛీ, మనిషికి ఇంత అనుమానం పనికిరాదురా!" అని కసిరి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి ల్యాబు నించి కాగితం వచ్చింది. ఓనరు మమ్మల్ని పిలిచి చదివాడు. "ముసల్దాని ఆయిల్లో సీసం, రాగి విపరీతంగా ఉన్నాయి. బేరింగులు అరిగిపోతున్నాయి. లోడుతో ఎత్తెక్కితే ఇంజన్ పట్టేసి బిగుసుకుపోతుంది, వెంటనే ఆపమన్నారు."

బావ మొహం వెలిగిపోయింది. నా చెవిలో, "దొరికార్రా దొంగలు! అసలది ముసల్దాని ఆయిలే కాదు. పెళ్లికూతురిలోంచి నేను లాగింది..." అంటూ ఆగిపోయాడు.

అల్లుడు పొద్దున్నే నిండు లోడుతో కొండదారికి బయల్దేరాడు. మలుపులో ఇంజన్ పట్టేస్తే బండి లోయలోకే.

బావ ఓనరు ముందుకెళ్ళి నిలబడ్డాడు. "బాబూ, ఆ సీసా నా బండిది కాదు. అల్లుడి బండిలోంచి దొంగతనంగా తీశాను. తరవాత నన్నేం చేసినా సరే, ముందు వాణ్ణి ఆపండి."

ఓనరు ఫోన్ చేస్తే మోగిందే గానీ ఎవరూ ఎత్తలేదు.

"ఎత్తడు. నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని నేర్పింది నేనే," అంటూ బావ ముసల్దాంట్లోకి ఎగిరాడు. నేనూ ఎక్కాను.

తనని దాటిపోయిన ప్రతి నత్త మీదా ముసల్ది ఆ రోజు పగ తీర్చుకుంది. మా ముందు ఎగురుతున్న కాకి ఒకటి భయపడి పక్కకి తప్పుకుని దారిచ్చింది. తరవాత నేను కళ్ళు మూసుకున్నాను కాబట్టి మిగతాది చెప్పలేను.

కళ్ళు తెరిచేసరికి కొండ మొదట్లో అల్లుడు బండి ఆపి లోడు తాళ్ళు బిగిస్తున్నాడు.

"మావయ్యా, మీరేంటి ఇక్కడ?"

"ఇంజన్ వెయ్యకు," అంటూ బావ ఉన్నదంతా చెప్పేశాడు.

అల్లుడు తాడు వదిలేశాడు. "కొత్త బండి కాబట్టి ఆయిల్ బాగుంటుందని తీశారా? అడిగితే నేనే ఇచ్చేవాణ్ణిగా."

"ఓనరుకి చెప్పేస్తావేమోనని..."

"నా మీద కూడా అనుమానమేనా?"

బావ కింద పడ్డ తాడు తీసి చుట్టాడు. "అందర్నీ అనుమానించినా నిన్ను మాత్రం కాదని చెబుదామనుకున్నా. అబద్ధం నోటికి రావట్లేదు."

అల్లుడు కోపం నిలుపుకోలేక నవ్వేశాడు. లోడు వేరే బండికి మార్చి, పెళ్లికూతుర్ని ముసల్దానికే కట్టి లాక్కొచ్చాం. విప్పి చూస్తే, కంపెనీలో వేసిన నాసిరకం బేరింగులు అప్పుడే ఎలుకలు కొరికినట్టున్నాయి.

తరవాత ముసల్దాని సొంత ఆయిల్ తీశాం. బావ పైపు దింపాడు, అల్లుడు పంపు కొట్టాడు, ఓనరు దగ్గరుండి చూశాడు, నేను మూత బిగించాను. ల్యాబు జవాబు మళ్ళీ వచ్చింది. గాలి ఫిల్టరు మార్చమన్నారు, ఇంజన్ మాత్రం గట్టిగానే ఉందన్నారు. ఓనరు నవ్వుతూ తాళాలు బావ చేతికిచ్చాడు.

బావ ఆ కాగితాన్ని తిరగేశాడు, వెలుతురికి ఎత్తి చూశాడు, వాసన కూడా చూశాడు. తరవాత అల్లుణ్ణి పక్కకి పిలిచాడు.

"ఇంత బాగుందంటే నమ్మబుద్ధి కావట్లేదు. నిజం చెప్పు అల్లుడూ, నేను తల తిప్పినప్పుడు సీసా ఏమైనా మార్చావా?"