వంటవాడి వేషం

మినీన్ బరెటో గోవా మనిషి. గల్ఫ్‌లో మంగఫ్ అనే ఊళ్లో ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తా. సెలవుల్లో కొంకణి నాటకాలు రాసి తనే ఆడేవాడు. ఆ నాటకాలను గోవావాళ్లు తియాత్రు అంటారు. కథ మధ్యలో కథతో పొత్తులేని పాటలుంటాయి, నవ్వించేవాడు ఒకడుంటాడు. మినీన్ ఏది రాసినా నవ్వించేవాడు మద్రాసీ వంటవాడే. వేషం మినీన్‌దే. వాడు లోపలికి పోతే జనం "వన్స్ మోర్" అని అరిచి మళ్లీ రప్పించేవాళ్లు. పోస్టర్ మీద మినీన్ పేరు పైవరసకు ఎక్కింది వాడి వల్లే.

ఆ వంటవాడి వేషానికి మూలం గంగులయ్య. రాయచోటి పక్క మనిషి, కంపెనీ మెస్సులో వండేవాడు. ఇద్దరిదీ ఒకే గది. మినీన్ తెలుగు నేర్చుకున్నది అతని దగ్గరే. మాటతోపాటు అతను కాలు ఈడ్చే తీరు, అరచేతిలో కూర వేసుకుని కళ్లు మూసి ఉప్పు చూసే తీరు తీసుకున్నాడు. ఊరికి పంపే క్యాసెట్లో పెళ్లానికి చెప్పుకునే మాటలు కూడా తీసుకున్నాడు. వాటిని స్టేజీ మీద తెలుగులోనే పలికేవాడు. జనానికి అర్థం కాదు, ఆ యాసకే నవ్వేవాళ్లు. గంగులయ్యను మాత్రం ఏ నాటకానికీ పిలవలేదు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. మెస్సు మూతపడింది. గంగులయ్య రొట్టెల క్యూలో నిలబడి, దొరికిన పప్పుతో బిల్డింగులో అందరికీ వండిపెట్టాడు. ఇళ్లకు పోయే విమానాలున్న అమ్మాన్‌కు బస్సుల కోసం కాచుకున్న గోవావాళ్లు ఒక మధ్యాహ్నం బేస్‌మెంట్లో మినీన్‌ను పట్టుకున్నారు. పిల్లలు బెదిరిపోయి ఉన్నారు, ఏదైనా ఆడమన్నారు.

గంగులయ్య పొయ్యి తగ్గించి వచ్చి ముందు కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు ఒకే రూములో ఉండాం గదన్నా. ఒక్క దపా గూడా పిల్చలేదే నువ్వు."

"నీకు కొంకణి రాదు గదా, గంగులూ."

"రాకుంటే ఏమి? నువ్వు ఎగిరేది సూస్తా. బాగలేకుంటే రేపు నీకు రొట్టె లేదు పో."

మినీన్ పాటలు పాడాడు. పిల్లలకు పాటలు చాలలేదు, వంటవాడు కావాలన్నారు. ఒంట్లో బాగాలేదన్నాడు మినీన్.

"కానీలే అన్నా, పిల్లోల్లు అడుగుతాండారు," అన్నాడు గంగులయ్య.

నడక ఒక్కటీ చూపించి ముగిద్దామనుకున్నాడు మినీన్. కాలు ఈడ్చాడు. నవ్వారు. అరచెయ్యి నాకాడు. ఇంకా నవ్వారు. గంగులయ్య కూడా నవ్వాడు. అక్కడ ఆపవచ్చని మినీన్‌కు తెలుసు. కానీ జనం నవ్వుతుండగా స్టేజీ దిగడం అతనికి ఏనాడూ చేతకాలేదు. ఒక అట్టపెట్టెను టేపురికార్డరులా ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"రెడ్డెమ్మా, నేను బాగుండా. అమ్మ పాడె మోసేదానికి నేను లేకపోతి మే," అని వెక్కాడు.

పిల్లలు పడిపడి నవ్వారు. ఆ మాటలు అర్థమైంది గంగులయ్య ఒక్కడికే. అతని నవ్వు ఆగింది. మినీన్ ముఖంలోకి కాసేపు చూశాడు. "వన్స్ మోర్" అని అందరూ అరుస్తుండగా లేచి పొయ్యి దగ్గరికి పోయాడు.

సాయంత్రం వరసగా వడ్డిస్తూ వచ్చాడు. మినీన్ పళ్లెంలోనూ అందరికీ వేసినంతే వేశాడు.

"గంగులూ, నేను..." అన్నాడు మినీన్ తెలుగులో.

"ఖా లో, మినీన్ భాయ్. ఠండా హో జాయేగా," అన్నాడు గంగులయ్య, తినెయ్యమని, చల్లారిపోతుందని, హిందీలో.

మినీన్‌కు తెలుగు వచ్చాక ఇద్దరూ హిందీ మాట్లాడుకోవడం మానేసి ఏళ్లయింది. బస్సెక్కేదాకా గంగులయ్య అతనితో హిందీలోనే మాట్లాడాడు.