వదిన పేరు మీద పదిహేడేళ్లు

ఆదివారం మధ్యాహ్నం డెల్ఫినా మొక్కజొన్న రొట్టెలు కాలుస్తోంది. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు కనుక పిండిముద్దను అరచేత్తోనే అదుముతోంది. కోళ్ల ఫ్యాక్టరీలో పదిహేడేళ్లుగా తొడముక్కల నుంచి ఎముకలు తీసిన చెయ్యి అది. పొద్దున్నే వేడినీళ్లలో నానబెడితే గాని కత్తి పట్టదు.

ఈ దేశంలో ఉండి పనిచేసుకోవడానికి ఆమెకు కాగితాలు లేవు. భర్త అక్క గ్రసియేలాకు ఎప్పుడో వచ్చాయి. పెళ్లయి, సరిహద్దు దాటి అర్కాన్సాకు వచ్చిన కొత్తలో అత్తగారే ఆ ఏర్పాటు చేసింది. వదిన పేరు, జీతానికీ పెన్షన్‌కూ లెక్కకట్టే వదిన ప్రభుత్వ నంబరు పెట్టి పనిలో చేరమంది. ఇంటి మాట ఇంట్లోనే ఉంటుందంది. అప్పటినుంచి ఫ్యాక్టరీలో డెల్ఫినా అనే మనిషి లేదు. పక్కనే నిలబడి పనిచేసే ఆడవాళ్లు పుట్టినరోజు పాట పాడినా అది గ్రసియేలా పుట్టినరోజే. వారం వారం జీతంలోంచి ప్రభుత్వ పెన్షన్‌కు కోసుకునేదీ ఆ పేరు మీదే. అసలు గ్రసియేలా రెండేళ్లు లాండ్రీలో చేసి, నడుము నొప్పని మానేసింది. నా కష్టమంతా ఆమె పేరున జమవడమేమిటని ఒకసారి అడిగితే భర్త ఫెర్మిన్, "నీకు పని దొరికిందే మా అక్క దయవల్ల" అన్నాడు. ఆ దయ తిరిగి తీర్చడానికే కాబోలు, ప్రతి ఆదివారం అందరికీ వంట కూడా తనే.

గ్రసియేలాకు అరవై రెండు నిండాయి. పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. ఆ నంబరు మీద ఇంకా జీతం పడుతోంది కనుక పెన్షన్‌లో కోత పెడతామన్నారట. భోజనాల బల్ల మీద రాజీనామా కాగితం పెట్టింది.

"శుక్రవారంతో మానెయ్యి డెల్ఫినా. చేసింది చాలు, నువ్వూ కాస్త సుఖపడు. నా సంతకం నాకంటే నీకే బాగా వచ్చుగా."

ఫెర్మిన్ నవ్వాడు. ఎవరిళ్లలోనైనా పాచిపని దొరక్కపోదన్నాడు.

ఆ నవ్వుకే డెల్ఫినా ఒళ్లు మండింది. సుఖపడాలట, అంట్లు తోముతూ. ఈ చేతులు అరిగి పండించిన ముసలితనపు కూడు ఆమెకు. ఈ చేతులకు రేపు నొప్పి వస్తే మాత్ర కొనుక్కునే దారి కూడా లేదు. మానెయ్యమనేటప్పుడైనా, నీ గతేమిటి అని ఈ ఇంట్లో ఒక్కరికీ అడగాలనిపించలేదు.

ఆమె స్టవ్ ఆపి వచ్చి, కాగితం మడిచి వదిన ముందుకు తోసింది.

"మానను."

గ్రసియేలా ముఖం మారింది. "నంబరు నాది. ఫ్యాక్టరీలో ఒక్క మాట చెబితే నీ బతుకు ఏమవుతుందో తెలుసా?"

"చెప్పు. ఇన్నేళ్లూ నీ పేరుతో ఎవరు చేశారని నిన్నే అడుగుతారు. అప్పుడు పెన్షనెక్కడిది?"

అత్తగారు జపమాల వెతుక్కోసాగింది. ఫెర్మిన్ పెద్దంతరం చిన్నంతరం లేదంటూ ఏదో గొణిగాడు.

డెల్ఫినా కుర్చీ లాక్కుని, ఆ ఇంట్లో మొదటిసారి అందరికంటే ముందు కూర్చుంది.

"గ్రసియేలా ఎప్పుడు రిటైరవ్వాలో నేను చెప్తాను, వదినా."