ఎర్రగీతల పాట

ఆ ఏడాది ఢిల్లీలో ఏ పాట ఒకటో నంబరుకి వస్తుందో రేడియోవాళ్ళు చెప్పడానికి ఆరు రోజుల ముందే నాకు తెలుసు. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకైనా పందెం కాసినట్టు చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ఆ పాట వచ్చినప్పుడు మన స్తుతి ఆడుతుంది, మీరే కళ్ళారా చూడండి, ఆడితే మంగళవారం ఆసుపత్రికి వెళ్ళేది లేదు, అన్నాను.

స్తుతి మా పాప. అప్పటికి దానికి పదిహేను నెలలు. మంగళవారం దాని చెవులకి పరీక్ష.

కటవారియా సరాయ్‌లో రెండో అంతస్తులో ఒక గది మాది. మా ఆయన నథానియేలు వసంత్ కుంజ్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కింది గదిలో సాయిప్రకాష్ అని ఒకతను సివిల్స్‌కి చదువుతూ, ఖర్చులకి ఒక కంపెనీలో పనిచేసేవాడు. ఎఫ్.ఎం. స్టేషన్లు ఏ పాటని రోజుకి ఎన్నిసార్లు వేస్తున్నాయో లెక్కపెట్టే కంపెనీ. ఒక్కో స్టేషన్‌కి ఒక మనిషి ఇంట్లో కూర్చుని వినాలి, పాట వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత గీయాలి. ఆ పని నన్ను చేయమంటే, తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినదాన్నని, హిందీ రాయడం రాదని ముందే చెప్పేశాను. అతను నవ్వి, "చదువుతో పని లేదండీ, చెవులుంటే చాలు," అన్నాడు.

పాటల పేర్లు తెలుగులోనే రాసుకునేదాన్ని. పేరు తెలియనివాటికి నేనే పెట్టేదాన్ని. ఈల పాట, రైలు పాట, పెళ్ళికూతురు ఏడ్చే పాట. వారానికోసారి కాగితాలు తీసుకెళ్ళేటప్పుడు నేను కూనిరాగం తీస్తే సాయిప్రకాష్ అసలు పేరు పక్కన రాసుకునేవాడు. జులైలో ఒక కొత్త పాట వచ్చింది. మొదట్లో గాజులు గలగలమంటాయి, అందుకని గాజుల పాట అన్నాను. దాన్ని ఒక్కదాన్నే ఎర్ర పెన్సిల్‌తో గీయమన్నాడు. లెక్క చేయించుకుంటున్నది ఆ పాట తాలూకు వాళ్ళేనట. మిగతావన్నీ నీలం పెన్నుతో.

మా గదిలో రేడియో పొద్దున ఏడింటి నుంచి చీకటి పడేదాకా మోగుతూనే ఉండేది. స్తుతి దాని పక్కనే నిద్రపోయేది. కుక్కర్ కూత వేసినా కదిలేది కాదు, కింద గల్లీలో పెళ్ళి బ్యాండు వెళ్ళినా కదిలేది కాదు. ఇంటి ఓనరు ఆంటీ అద్దె కోసం వచ్చినప్పుడల్లా దాన్ని చూసి, ఎంత శరీఫ్ బచ్చీ, ఎంత బుద్ధిమంతురాలు అని మెచ్చుకునేది, తన మనవళ్ళు పిల్లి నడిచినా లేస్తారని చెప్పేది. నాకు గర్వంగా ఉండేది. తల్లిని ఏడిపించని పిల్ల అని ఊరికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

అక్టోబరులో ఒక ఆదివారం సరళకుమారి ఆంటీ చర్చి నుంచి మాతోపాటు ఇంటికి వచ్చింది. ఆవిడ పిల్లల వార్డులో పెద్ద నర్సు, మావి పక్కపక్క ఊళ్ళు. స్తుతి నేలమీద బట్టల క్లిప్పులు పేర్చుకుంటోంది. ఆంటీ నాతో మాట్లాడుతూనే దాని వెనక్కి వెళ్ళి, స్టీలు పళ్ళెం మీద గరిటెతో గట్టిగా కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. స్తుతి ఇంకో క్లిప్పు పెట్టింది. ఆంటీ మళ్ళీ కొట్టింది.

"పెర్సిస్, ఎన్నాళ్ళనుంచమ్మా ఇలాగ?"

ఆటలో ఉంటే ఎవర్నీ పట్టించుకోదని చెప్పాను. ఆంటీ పళ్ళెం కడిగి బోర్లించింది.

తన ఆసుపత్రిలో చెవుల పరీక్షకి తనే తేదీ ఇప్పించింది. మందిచ్చి నిద్రపుచ్చుతారట, తలకి వైర్లు పెడతారట. మొదటిసారి పాపకి జ్వరం అన్నాను. రెండోసారి దగ్గు అన్నాను. మూడోసారి ఇచ్చిన తేదీ జనవరి రెండు, ఆ మంగళవారం.

నేను భయపడ్డది వైర్లకి కాదు. పుట్టిన మూడో నెల నుంచి దాని పక్కన రేడియో పెట్టినది నేను. దాని చెవులు పోయాయంటే పోగొట్టింది నేనే. రేడియో వల్ల అలా కాదని మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా నా చెవికెక్కలేదు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే తలుపు వేసి, దాని వెనక నిలబడి పిలిచేదాన్ని. స్తుతీ. గిన్నె కింద పడేసేదాన్ని. స్తుతీ. రోకలి పడేశానొక రోజు. సాయిప్రకాష్ పైకి వచ్చి, ఏమైందండీ, పడ్డారా అని అడిగాడు. పిల్ల మాత్రం అడగలేదు. ముందుకి వెళ్ళి చేతులు చాపితే ముఖమంతా నవ్వై వచ్చేసేది. ఇంత తెలివైన పిల్లకి ఏమీ లేదు, అల్లరి, అనుకునేదాన్ని. మళ్ళీ వెనక్కి వెళ్ళి పిలిచేదాన్ని.

నా చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం గాజుల పాట. అది వస్తే చాలు, స్తుతి ఎక్కడున్నా కూర్చున్నచోటే ఎగిరేది. గుప్పిళ్ళు మూసి తెరిచి, అరచెయ్యి చాపేది. నేను కాగితం మీద ఎర్ర గీత గీసి, ఆ పెన్సిల్‌తోనే దాని అరచేతిలో ఒక చుక్క పెట్టేదాన్ని. కిలకిలా నవ్వేది. వేరే ఏ పాటకీ అలా చేసేది కాదు. వినపడని పిల్ల ఒక పాటని ఇన్ని పాటల్లో ఎలా గుర్తుపడుతుంది, మీరే చెప్పండని మా ఆయన్ని నిలదీశాను. ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన ఇంటికొచ్చేసరికి నా పని వేళ అయిపోయేది, ఆదివారం నాకూ సెలవే.

క్రిస్మస్‌తో లెక్క ముగిసింది. సాయిప్రకాష్ ఆఖరి కాగితాలు తీసుకెళ్తూ, ఒకటో నంబరు మీ ఎర్రగీతలదేనండీ, ఎవరికీ చెప్పకండి, అన్నాడు. పెన్నూ పెన్సిలూ బిస్కెట్ డబ్బాలో వేసి కిటికీ పైన అలమారలో పెట్టాను. తర్వాత ఆరు రోజులు రేడియోలో పాట వస్తూనే ఉంది. నేను పొయ్యి దగ్గరో బట్టల దగ్గరో ఉండేదాన్ని. స్తుతి ఎగరలేదు. జలుబు చేసింది కదా, అందుకే అనుకున్నాను.

ఆదివారం చర్చిలో అందరూ గడిచిన ఏడాదికి కృతజ్ఞతలు చెబుతుంటే నేను ఒక సినిమా పాట కోసం ప్రార్థన చేశాను. సిగ్గేసింది. అయినా మానలేదు.

రెండింటికి రేడియోవాళ్ళు మొదలుపెట్టారు, ఇరవై ఐదో పాట నుంచి ఒకటో దాకా. మా ఆయన తలుపు గడియ పెట్టి, స్తుతిని చాప మీద మధ్యలో కూర్చోబెట్టి, కిన్నో కమలా పండు తొక్కలు దాని ముందు వేశారు. రేడియో దాని వెనక పెట్టారు. నన్ను ఎదురుగా కూర్చోమన్నారు.

"నువ్వు చప్పట్లు కొట్టకూడదు. మొహం ఆడించకూడదు. చేతులు శాలువా లోపల పెట్టుకో."

"నేనేమన్నా దొంగాట ఆడతానా అండీ?"

"నువ్వు ఆడతావని కాదు పెర్సిస్. నాకే ఆడాలనిపిస్తంది."

ఈల పాట వచ్చింది, పదకొండోది. రైలు పాట ఏడోది. ఒక్కో పాట మధ్య వాళ్ళు నవ్వుకోవడం, ప్రకటనలు, ఫోన్లు చేసినవాళ్ళ పేర్లు. ఒక్కటి పూర్తవడానికి ఒక యుగం పట్టినట్టుండేది, పూర్తవగానే అప్పుడే అయిపోయిందా అనిపించేది. స్తుతి తొక్కలు చింపి నా మోకాలి మీద అతికిస్తోంది. నాకు కాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండోది పెళ్ళికూతురు ఏడ్చే పాట. అది వస్తుండగా మా ఆయన లేచి నీళ్ళు తాగి మళ్ళీ కూర్చున్నారు, గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత డోళ్ళు వాయించారు, ఒకటో నంబరు అన్నారు, గాజులు గలగలమన్నాయి.

స్తుతి తొక్క నోట్లో పెట్టుకుంది.

పల్లవి అయిపోయింది. మా ఆయన నా వైపు చూడలేదు, దాన్నే చూస్తున్నారు. ఆయన ముఖం మెల్లగా వార్డులో ఉండే ముఖం అయిపోతోంది, రోగి బంధువులకి ఏదో చెప్పబోయే ముఖం. "చరణం రానీండి," అన్నాను. "దానికి చరణం ఇష్టం." అబద్ధం. దానికి గాజులే ఇష్టమని నేనే చెప్పాను.

నాకు కూర్చోవడం చేత కాలేదు. ఐదు నెలలు ఆ పాటని కూర్చుని విన్నప్పుడల్లా గీత గీసినదాన్ని. చేతులు వాటంతటవే శాలువాలోంచి వచ్చేశాయి. లేచి డబ్బా దించాను, పెన్సిల్ తీశాను. ఎందుకు తీశానో నిజంగా నాకు తెలియదు. స్తుతి తల ఎత్తి చూసింది. కూర్చున్నచోటే ఎగిరింది. తొక్కలు వదిలేసి అరచెయ్యి చాపింది.

"వింటంది," అన్నారు మా ఆయన. గ్లాసు పడిపోయింది. "పెర్సిస్, వింటందే ఇది." దాన్ని ఎత్తుకుని, నెత్తిమీద మొహం పెట్టి, దేవునికి స్తోత్రం, దేవునికి స్తోత్రం అంటూ గదంతా తిరిగారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం అదే మొదలు.

ఆయన భుజం మీదుగా స్తుతి నా చేతి వైపు చూస్తోంది. నేను పెన్సిల్ ఇటు జరిపితే ఇటు, అటు జరిపితే అటు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మంగళవారం వెళ్ళక్కర్లేదు. పాట నడుస్తూనే ఉంది. అది అయ్యేదాకా నేను నోరు విప్పలేదు. ఆ కాసేపు మాకు చెవులు వినపడే పాప ఉంది.

పాట అయిపోయింది. అందరికీ కొత్త సంవత్సరం శుభాకాంక్షలు అంటున్నారు. నేను రేడియో ఆపేశాను.

"దాన్ని దించండి."

"ఎందుకే?"

"ఒకసారి దించండి."

చాప మీద కూర్చోబెట్టారు. పెన్సిల్ శాలువాలో దాచాను. గదిలో చప్పుడు లేదు. స్తుతి మళ్ళీ తొక్కలు ఏరుకుంది. అప్పుడు పెన్సిల్ బయటికి తీశాను.

స్తుతి ఎగిరింది, అంతే సంతోషంగా. అరచెయ్యి చాపింది. నేను చుక్క పెట్టాను. కిలకిలా నవ్వింది.

మా ఆయన ఆగిపోయిన రేడియో వైపు చూశారు, పెన్సిల్ వైపు చూశారు. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చున్నారు.

"నీకు ముందే తెలుసా?"

"ఇప్పుడేనండీ. మీరు దాన్ని ఎత్తుకున్నప్పుడు."

ఆయన తల ఊపారు. ఒలికిన నీళ్ళు చాప కిందికి పోతున్నాయి, ఇద్దరం తుడవలేదు.

"మంగళవారం ఎన్నింటికి తీసుకు రమ్మన్నారు?" అని అడిగాను.

"ఎనిమిదిన్నరకి. పొద్దున పడుకోనివ్వకూడదంట."

స్తుతి రెండో చెయ్యి కూడా చాపింది. దాంట్లో కూడా చుక్క పెట్టాను.