నాలుగో భుజం

మూడో మలుపు దిగాక సోంబరు కావిడిని ఎడమ భుజానికి మార్చుకున్నాడు. బద్దకి రెండు కొసలా వేలాడుతున్న బస్తాలు ఊగి కుదురుకున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఈ కొండదారిలో మోస్తూనే ఉన్నాడు. సంతకి చింతపండు, బడికి బియ్యం, ఒకసారి పంతులుగారి బీరువా. కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది.

ఈరోజు మోస్తున్నది ఆదినారాయణ సావుకారు పసుపు. పసుపు బరువు ఎంతో ఆ భుజానికి తెలుసు. ఇవి తేలికగా ఉన్నాయి. అయినా అడగలేదు. వాళ్ళ కొండ మీద మూట దారిపక్కన దించి, పైన ఆకుకొమ్మ గుచ్చి వెళితే, వారం తర్వాత వచ్చినా ముడి అలాగే ఉంటుంది. పరాయి ముడి మీద చెయ్యి వేసినవాణ్ణి ఊళ్ళో ఎవరూ పలకరించరు.

"బేగి నడరా! నీ నడకకి పసుపు మొలకలెత్తీసేలా ఉంది," ముందు గొడుగేసుకుని నడుస్తున్న సావుకారు అరిచాడు.

"మొలిస్తే నీకే లాభం కదేటి బాబూ!"

నవ్వాడు గానీ, మనసంతా ఇంటి దగ్గరే ఉంది. కూతురు రాజకుమారికి నెలలు నిండాయి. రేపు పొద్దున్నే డోలీలో ఆసుపత్రికి దించాలి. ఇద్దరు మోస్తుంటే మార్చుకోవడానికి ఇంకో ఇద్దరుండాలి. ఇరవై ఇళ్ళ ఊరిలో పదకొండుమంది మగవాళ్ళు గంజాయి కేసుల్లో పల్లపు జైల్లో ఉన్నారు. ముసలివాళ్ళు, పిల్లలు పోగా మిగిలింది ముగ్గురు. నాలుగోవాడు సోంబరు. ఆ జైల్లో సరుకు కొన్నవాడు లేడు, డబ్బు పెట్టినవాడు లేడు, కారు పంపినవాడు లేడు.

కొండ దిగేసరికి రోడ్డు మీద పోలీసు జీపు ఉంది.

"ఏంటి సావుకారుగారూ, ఇలా వచ్చారు?" ఎస్సై నవ్వాడు.

"వసూళ్ళకండి."

"వీడెవడు?"

"దారిలో కలిశాడండి."

సావుకారు చేతిసంచీ వంక కూడా ఎవరూ చూడలేదు. అతను గొడుగు మడిచి, రోడ్డు పక్కన పెట్టి ఉంచిన తన బండెక్కి వెళ్ళిపోయాడు.

"ముడి విప్పరా," అన్నాడు కానిస్టేబులు.

"నాది కాదు బాబూ. సావుకారుది. ఆయన లేకండా నాను విప్పకూడదు."

"తెలిసే విప్పట్లేదు సార్!" కానిస్టేబులు ఎస్సై వైపు తిరిగాడు.

బస్తాలు కత్తితో కోశారు. పైన జానెడు పసుపుకొమ్ములు, కింద గంజాయి. కాగితం మీద ఒక్క సోంబరు పేరే రాశారు. ముడి విప్పనన్న మాట కూడా రాశారు, నేరం ఒప్పుకున్నట్టు.

సోంబరుకి ఒళ్ళు మండింది. "ఆ పేరు కూడా రాయండి! ముడేసినోడి పేరు!"

"నోర్ముయ్!"

"నెలలు నిండిన మా గుంటని రేపు ఆసుపత్రికి దించాల బాబూ. నాలుగో మనిషి లేడు. దించీసి నానే వచ్చీస్తాను."

"ఎల్లుండికల్లా వదిలేస్తారులే, ఎక్కు."

అన్నకొడుకు ఫల్గుణకీ ఎల్లుండే అన్నారు. అది మూడేళ్ళ కిందటి మాట.

జీపు వెనక తలుపు తెరిచారు. పరాయివాళ్ళ గడప ముందు ఆగినట్టే సోంబరు ఒక్క క్షణం ఆగి, అరికాళ్ళు దులుపుకుని ఎక్కాడు. జీపు మలుపు తిరిగిపోయింది. రోడ్డంచున, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన అతని రబ్బరు చెప్పులు పక్కపక్కన పొందికగా ఉన్నాయి, మొనలు కొండవైపు తిరిగి.